ముట్టకుండ్రి

నలభై నాలుగేళ్లకే రిటైరయ్యానని చెబితే జనగామ బస్టాండు ముందు చాయ్ తాగే దోస్తులు నవ్వుతారు. "పెన్షన్ లేని రిటైర్మెంటు ఏందిరా?" అంటారు. ఉద్యోగం వదిలాను, ఆ వృత్తిలోకి మళ్లీ పోను. దానికి నాకు తెలిసిన మాట రిటైర్మెంటే.

లినక్స్ కంప్యూటర్ల నిర్వహణలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను ఏ హోదాలో చేరానో, ఏ హోదాలో దిగానో మీకు అక్కర్లేదు. మీకు పనికొచ్చే సంగతి ఒకటే: సిస్టమ్ మొత్తాన్ని అప్‌గ్రేడ్ చేస్తూ, అందులో కొన్ని ప్యాకేజీలను, అంటే విడివిడి సాఫ్ట్‌వేర్ కట్టలను, మాత్రం కదలకుండా ఆపడం. ఎందుకు ఆపాలి, ఎలా ఆపాలి, ఆపినదాన్ని ఎవరు విప్పాలి. ఈ మూడో ప్రశ్నను పట్టించుకోని వాళ్ల వల్ల ఒక మనిషి కన్ను పోయింది. కోపం తగ్గాక రాద్దామని చాలాకాలం ఆగాను. తగ్గలేదు. కోపంతోనే రాస్తున్నాను.

మిర్చి గోదాములో ముక్కు పనిచేయదు

నేను పనిచేసిన కంపెనీకి మూడు కోల్డ్ స్టోరేజీలు ఉండేవి. జనగామలో ఒకటి, మహబూబాబాద్‌లో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి. మూడింటిలోని కంప్యూటర్లూ నా బాధ్యతే. నిల్వ ఉండే సరుకులో ఎక్కువ భాగం ఎండుమిర్చి. మహబూబాబాద్ గోదాము పెద్దది. కేసముద్రం వైపు నుంచి ట్రాక్టర్లు వరసకట్టి వచ్చేవి.

ఆ గోదాములను చల్లబరిచేది అమ్మోనియా. పైపుల్లో ఉన్నంతసేపు అది మన పనివాడు. బయటికొస్తే కళ్లను, ఊపిరితిత్తులను కాలుస్తుంది. మామూలు గోదాములో అమ్మోనియా కొంచెం లీకైనా వాసన పట్టేస్తుంది, మనుషులు పరుగెత్తి బయటపడతారు. మిర్చి గోదాములో అలా కుదరదు. లోపల అడుగుపెట్టగానే ఘాటుకు ముక్కు మండుతుంది, కళ్లలో నీళ్లు కారతాయి. హమాలీలు ముఖానికి తడి తువ్వాల చుట్టుకొని, దగ్గుతూ, తుమ్ముతూనే బస్తాలు మోస్తారు. ఆ మంటలో ఏది మిర్చిదో, ఏది అమ్మోనియాదో మొదట్లో తెలియదు. తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

అందుకని గదిగదికీ సెన్సర్లు పెట్టారు. వాటి వైర్లన్నీ ఆఫీసు గదిలో ఉన్న లినక్స్ కంప్యూటర్‌లోని ఒక కార్డుకు వస్తాయి. గాలిలో అమ్మోనియా హద్దు దాటితే ఆ కంప్యూటరే అదే కార్డు ద్వారా సైరన్ మోగిస్తుంది. సైరన్‌ను కంప్యూటర్ మీద ఆధారపడేలా పెట్టడమే తెలివితక్కువ పని. సెన్సర్ నుంచి నేరుగా వైరు లాగాలి. అమ్మినవాడు అలా అమ్మాడు, కొన్నవాడు అలా కొన్నాడు, నేను చేరేసరికి గోడలకు సున్నం కూడా వేసేశారు. సరే, ఉన్నదానితోనే మనుషులను కాపాడాలి. నా ఉద్యోగం అదే. మిగతా ప్రింటర్లు, పాస్‌వర్డులు అన్నీ దాని తర్వాతే.

ఏది ఆపాను, ఎలా ఆపాను

ఆ కార్డు తయారుచేసిన కంపెనీ మూతపడింది. పోతూ పోతూ ఒక డ్రైవర్ ఇచ్చిపోయింది. అది ఒకే ఒక కర్నెల్‌తో, అంటే లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాములో ఒకే వెర్షన్‌తో పనిచేస్తుంది. కర్నెల్ మారితే డ్రైవర్ ఎక్కదు. డ్రైవర్ ఎక్కకపోతే కార్డు ఉన్నా లేనట్టే. దీనికన్నా ఘోరం, తెర మీద అంకెలు చూపించే ప్రోగ్రాము. కార్డు నుంచి కొత్త అంకె రాకపోతే అది పాత అంకెనే పచ్చరంగులో చూపిస్తూ కూర్చుంటుంది. ఆ ప్రోగ్రాము రాసినవాడు ఎదురుపడితే మంచి మాటలు మాట్లాడగలనన్న నమ్మకం నాకు లేదు.

కాబట్టి కర్నెల్ మారకూడదు, మిగతావన్నీ మారాలి. డెబియన్ కుటుంబపు లినక్స్‌లో దీనికి apt-mark hold అనే ఆదేశం ఉంది. దాని పక్కన ప్యాకేజీ పేరు రాస్తే, అప్‌గ్రేడ్ నడిచినప్పుడు మిగతావి మారతాయి, అది మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇక్కడ కొత్తవాళ్లందరూ ఒక పొరపాటు చేస్తారు. ఇప్పుడున్న కర్నెల్ ప్యాకేజీ ఒక్కదాన్నే ఆపి, పనైపోయిందనుకుంటారు. కొత్త కర్నెల్ కొత్త పేరుతో పక్కన వచ్చి కూర్చుంటుంది; రీబూట్ చేయగానే అదే లేస్తుంది. కొత్త కర్నెల్‌ను లాక్కొచ్చే పెద్ద ప్యాకేజీ ఒకటి వేరేగా ఉంటుంది. దాన్ని కూడా ఆపాలి. ఆ కర్నెల్‌కు జతగా వచ్చే హెడర్ల ప్యాకేజీనీ ఆపాలి. ఆపాక apt-mark showhold కొట్టి, మూడూ అందులో ఉన్నాయో లేదో కళ్లతో చూసుకోవాలి.

ఇంకొకటి. ఆపడమంటే బద్ధకం కాదు. పాత ప్యాకేజీకి భద్రతా లోపాలు ఉంటాయి. అందుకే ఆ మూడు కంప్యూటర్లకూ ఇంటర్నెట్ తీసేశాను. హైదరాబాద్ ఆఫీసు నుంచి వచ్చే ఒక్క దారి మాత్రమే మిగిల్చాను. కొత్త కర్నెల్‌తో పనిచేసే వేరే కార్డు కొనమని ఏటా అడిగాను. ఏటా "చూద్దాం" అన్నారు. ఎప్పుడు విప్పాలో, ఏం వస్తే విప్పాలో తెలియకుండా హోల్డ్ పెట్టేవాడి మీద కూడా నాకు కోపమే. నేను దేనికోసం ఆగానో నాకు తెలుసు. కార్డు కోసం ఆగాను.

బాపు ఎర్రగుడ్డ

ఈ పద్ధతి నాకు పాలిటెక్నిక్‌లో రాలేదు. మా బాపు, అంటే నాన్న, దగ్గర వచ్చింది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడితే చదువు ఆగిపోయి రఘునాథపల్లి దగ్గర రైస్ మిల్లులో ఫిట్టరుగా చేరినవాడు. నా చిన్నతనంలో, అంటే ఎనభైల్లో, అన్నం గిన్నె ఇచ్చి రమ్మంటే ఆ మిల్లుకు పోయేవాణ్ని. బాయిలర్ వాల్వు ఏదైనా తిప్పకూడదంటే బాపు దానికి ఎర్రగుడ్డ కట్టేవాడు. గుడ్డ ఎవరు కడితే వాళ్లే విప్పాలన్నది మిల్లు కట్టుబాటు. యజమానికి కూడా విప్పే హక్కు లేదు.

ఒకసారి మిల్లు సేటు వచ్చి, "ఓ ఫిట్టర్ సాబ్, గుడ్డ ఇప్పి జర ఆవిరి వదులు, లారీ నిలబడ్డది" అన్నాడు.

"నా పని కాలే సేటు."

"నువ్వు అన్నం తింటున్నవు గద. నేను ఇప్పుతా."

"ఇప్పు. ఇప్పినంక బాయిలర్ కాడ నువ్వే నిలబడు. నేను గేటు కాడ నిలబడి తింట."

సేటు విప్పలేదు. బాపు అన్నం తిని, చెయ్యి కడుక్కొని, పని ముగించి, తనే విప్పాడు. బాపు అన్నీ తెలిసినవాడు కాదు. కరెంటు పనిలో వేలు పెట్టి రెండు మోటార్లు కాల్చాడు. కానీ గుడ్డ విషయంలో తప్పు చేయలేదు.

హోల్డ్ అంటే నాకు ఆ ఎర్రగుడ్డే. కాకపోతే కంప్యూటర్ లోపల కట్టిన గుడ్డ బయటికి కనబడదు. అందుకే ఎవరు ఆ కంప్యూటర్‌లోకి వచ్చినా మొట్టమొదట నా మాట కనిపించేలా పెట్టాను. ఆ నల్లటి తెర మీద తెలుగు అక్షరాలు సరిగా పడవు కనుక ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాశాను: "కర్నెల్ ముట్టకుండ్రి. ముడితే సైరన్ మోగదు. ముట్టే ముందు రవీందర్‌కు ఫోన్ చేయుండ్రి." కింద నా నంబరు.

ఇంగ్లిష్‌లో ఎందుకు రాయలేదని తర్వాత చాలామంది అడిగారు. ఇంగ్లిష్ హెచ్చరికలు ఆ తెర మీద రోజూ బారులు తీరతాయి. ఎవరూ చదవరు. మనిషి మనిషితో చెప్పినట్టు ఉంటే ఆగుతారనుకున్నాను.

"అది తెలుగే సార్"

హైదరాబాద్ ఆఫీసులో కంప్యూటర్ల విభాగానికి పెద్ద సుధాకర్ గారు. చదువుకున్నవాడు, పని తెలిసినవాడు. కానీ ఆయన ముందు ఒక తెర ఉండేది. కంపెనీ కంప్యూటర్లన్నీ అందులో చుక్కలు. అన్ని ప్యాకేజీలూ కొత్తవైతే పచ్చచుక్క, ఒక్కటి పాతదైనా ఎర్రచుక్క. నా మూడు గోదాములూ ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఒక పెద్ద ఎగుమతి కంపెనీ వాళ్లు తనిఖీకి వస్తున్నారని, అంతా పచ్చగా కనబడాలని ఆయనకు పట్టుకుంది.

నెలవారీ సమావేశంలో నా హెచ్చరిక ఫొటో పెద్ద తెర మీద వేశాడు. గదంతా నవ్వింది.

"ఏంటయ్యా రవీందర్, ఇది? ముట్టకుండ్రి! సినిమాలో కామెడీ డైలాగులా ఉంది."

"హెచ్చరిక సార్ అది."

"హెచ్చరికైతే తెలుగులో రాయొచ్చుగా?"

"అది తెలుగే సార్."

మళ్లీ నవ్వారు. నేను కార్డు గురించి, డ్రైవర్ గురించి, మిర్చి ఘాటు గురించి చెప్పాను. "సరే, చూద్దాం" అన్నాడు. ఆ సాయంత్రానికి ఆ ఫొటో ఆఫీసువాళ్లందరి ఫోన్లలో తిరిగింది. క్యాంటీన్‌లో వడ అందుకోబోతే "ముట్టకుండ్రి" అనేవారు. ఫ్రిజ్‌లో టిఫిన్ డబ్బా మీద "ముట్టకుండ్రి" అని చీటీ అంటించారు. నాకూ ఎవరో చెబితే ఒకసారి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడికి దారితీస్తుందో అప్పుడు తోచలేదు.

మా మాటను నవ్వడానికి మాత్రమే విన్నవాళ్లు అందులో ఉన్న హెచ్చరికను వినలేరు. నేను వృత్తిలో నేర్చుకున్న వాటన్నిటిలో నన్ను ఇప్పటికీ మండించేది ఇదే.

పచ్చచుక్క

తనిఖీకి ముందు ఒక పొద్దున హైదరాబాద్ నుంచి కిరణ్ అనే కాంట్రాక్టు కుర్రాడు అన్ని కంప్యూటర్లలో ఒకేసారి ఒక స్క్రిప్టు నడిపాడు. ఆ స్క్రిప్టు వరసగా నాలుగు పనులు చేసింది: హోల్డులన్నీ విప్పింది, అన్నిటినీ అప్‌గ్రేడ్ చేసింది, రీబూట్ చేసింది, పాత కర్నెళ్లను అక్కర్లేని చెత్తగా తుడిచేసింది. చివరి పని చూడండి. తప్పు జరిగితే వెనక్కి పోవడానికి ఉన్న ఒక్క మెట్టునూ తీసేశారు.

నేను జనగామలో ఉన్నాను. ఆ పొద్దున అక్కడ కరెంటు పోయి కంప్యూటర్ ఆగి ఉంది కనుక స్క్రిప్టు దాని దాకా రాలేదు. కరెంటు వచ్చి కంప్యూటర్ లేచాక హైదరాబాద్ నుంచి వచ్చి, నడవడానికి కాచుకొని ఉన్న ఆదేశాల వరస చూశాను. హైదరాబాద్‌తో కలిపే వైరు పీకేసి భూపాలపల్లికి ఫోన్ చేశాను. అక్కడి ఆపరేటర్ అప్పటికప్పుడు మనుషులను బయటికి పంపాడు. మహబూబాబాద్‌కు చేస్తే ఎవరూ ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. ఎత్తాల్సినవాళ్లు అప్పటికే హమాలీల ముఠామేస్త్రి సక్రును ఆటోలోకి ఎక్కిస్తున్నారు.

సక్రు దగ్గరలోని ఒక తండా మనిషి. సరుకు బయటికి తీసే పని నడుస్తోంది. ఒక వాల్వు దగ్గర అమ్మోనియా కారడం మొదలైంది. ఆఫీసు గదిలో తెర మాత్రం పచ్చటి అంకె చూపిస్తూనే ఉంది. లోపలివాళ్లు మిర్చి ఘాటే అనుకొని తువ్వాలలు బిగించుకున్నారు. ఒకడు కక్కుకొని కూలబడితే గానీ తెలియలేదు. అందరినీ బయటికి తరిమి, కూలబడినవాణ్ని మోసుకొని చివరగా వస్తుంటే సక్రు ముఖం మీదికే అమ్మోనియా కొట్టింది.

నేను జనగామ కంప్యూటర్‌లో మిగిలిన పాత కర్నెల్ ప్యాకేజీలను పెన్‌డ్రైవ్‌లో వేసుకొని బయల్దేరాను. పొద్దుగూకకముందే మహబూబాబాద్‌లో సైరన్ మళ్లీ పనిచేసింది. మర్నాడు భూపాలపల్లిలో. అప్పుడు హైదరాబాద్‌కు ఫోన్ చేశాను. కిరణ్ ఎత్తాడు.

"నా మెసేజ్ కనబడలేదా తమ్మీ?"

"కనబడింది అన్నా. జోక్ అనుకున్నా. ఆఫీసులో అందరూ జోక్ అనే అన్నారు."

వాడిని తిట్టలేకపోయాను. వాడికి జోకని నేర్పినవాళ్లు వేరే ఉన్నారు.

"నా చెవులు పోయినయా?"

వరంగల్ దవాఖానలో సక్రును చూడబోయాను. ఎడమకన్ను పోయింది. కుడికన్నుకు కట్టు ఉంది. అది నిలుస్తుందని డాక్టర్లు చెప్పారు. భార్య ద్వాళి పక్కన కూర్చొని ఉంది. ఇద్దరూ తమ భాషలో ఏదో మాట్లాడుకుంటూ నా అడుగుల చప్పుడుకు ఆగారు.

"ఎవలు?"

"నేను, రవీందర్‌ను సక్రు."

"సారు, ఒక మాట అడుగుత, నిజం చెప్పాలె. సైరన్ మోగిందంట గద. మోగినా నేను పట్టించుకోలేదంట. గోదాము మేనేజరు చెప్పి పోయిండు." నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "నాకైతే ఇనవడలే. కండ్లు ఎట్లాగు పోయినయి, నా చెవులు గూడ పోయినయా సారు?"

ద్వాళి అందుకుంది. "రైలు గేటు కాడికి ఇనవడతది ఆ మోత. ఈయనకు ఇనవడదా? నేను ఇంట్ల గొణిగితే సుత ఇంటడు ఈ మనిషి."

"మోగలే సక్రు" అన్నాను. "నీ చెవులు మంచిగున్నయి. సైరన్ మోగలే."

"గిదే మాట మన కంపెనీ సేటు ముంగట చెప్తవా?"

"చెప్త."

కన్ను పోయిన మనిషి తన చెవులనే అనుమానించే స్థితికి తెచ్చారు. అందరినీ బయటికి పంపినవాడు, చివరగా వచ్చినవాడు, తన మనుషులను తనే చంపబోయానా అని ఆలోచిస్తూ పడుకున్నాడు. ఆ మంచం పక్కన నిలబడ్డాక నాకు ఇక ప్రమోషన్ భాష అర్థం కాలేదు. ఆ సాయంత్రమే సుధాకర్ గారు ఆ భాషలో ఫోన్ చేశాడు.

"రవీందర్, ఇప్పుడు సైరన్ పనిచేస్తోంది కదా?"

"ఇప్పుడు చేస్తోంది సార్."

"యజమాని అడిగితే అంతే చెప్పు. 'సైరన్ పనిచేస్తోంది' అని ఒక్క మాట. అబద్ధం కూడా కాదు. మూడు యూనిట్లకూ నిన్నే హెడ్‌ని చేస్తాను."

సేటు ముందర

సక్రు నడవగలిగాక మహబూబాబాద్ గోదాము ఆఫీసులో కూర్చున్నాం. కంపెనీ యజమాని, మేము సేటు అనేవాళ్లం, మధ్యలో. ఒక పక్క సుధాకర్ గారు, ఒక పక్క నేను. ఎదురుగా సక్రు, ద్వాళి. వాళ్లకు కుర్చీలు నేను వేశాను.

సుధాకర్ గారు ఎక్కువ మాట్లాడలేదు. కంప్యూటర్ మీద పరీక్ష మీట నొక్కాడు. సైరన్ మోగింది. గోదాము బయట కుక్కలు మొరిగాయి, లారీ డ్రైవర్లు దిగి చూశారు.

"సిస్టమ్ బాగానే ఉంది సార్" అన్నాడు సేటుతో.

సక్రు లేచి నిలబడ్డాడు. మోత ఆగేదాకా తల ఒకవైపు వంచి విన్నాడు. "గిదే సేటు. గిదే మోత. ఆ దినం ఇది మోగలే. మోగితే నేను ఇక్కడ రెండు కండ్లతోని నిలబడేటోణ్ని."

సేటు నా వైపు చూశాడు. "ఏం రవీందర్?"

"మోగలేదు సేటు. మోగే వీలు లేదు. కర్నెల్ మార్చవద్దని ఆపి పెట్టాను. హైదరాబాద్ నుంచి విప్పేశారు. ఇప్పుడు మోగుతున్నది ఆ సాయంత్రం నేను పాతది తెచ్చి పెట్టాను కాబట్టి."

"అంటే ఏళ్ల తరబడి పాత సాఫ్ట్‌వేర్ నడిపావని ఒప్పుకుంటున్నావు" అన్నాడు సుధాకర్ గారు.

"నడిపాను. కొత్త కార్డు కొనమని ఏటా మిమ్మల్ని అడుగుతూ నడిపాను. విప్పేముందు ఫోన్ చేయమని రాశాను. మీరు దాన్ని ఫొటో తీసి గోడ మీద వేసి నవ్వారు."

"అట్లాంటి భాషలో రాస్తే ఎవరు సీరియస్‌గా తీసుకుంటారు?"

నేను జవాబు చెప్పేలోపు సేటు అడిగాడు. "ఏం రాసిండు?"

"ముట్టకుండ్రి" అన్నాను.

సేటు జనగామ అంగడిలో పుట్టి పెరిగినవాడు. "ముట్టకుండ్రి అంటే ముట్టొద్దని గద. అందుల నవ్వేదేమున్నది?" అన్నాడు.

సక్రు మీద వేసిన తప్పు ఆ రోజు తీసేశారు. అంతవరకే. సుధాకర్ గారి ఉద్యోగం పోలేదు. తనిఖీ రోజున ఆయన తెర మీద మూడు చుక్కలు తప్ప అన్నీ పచ్చగానే ఉన్నాయట. కిరణ్‌ను మాత్రం తీసేశారు. నన్ను తీసేయలేదు. నేనే రాజీనామా ఇచ్చాను. ఏటా అడిగినా రాని కార్డు, ఒక కన్ను పోయాక వారంలో వచ్చింది. ఆ కార్డు పెట్టెను చూస్తూ అక్కడ ఇక పనిచేయలేనని తెలిసింది.

విప్పడం

పిల్లలూ, ఎవరో పెట్టిన హోల్డ్ కనబడితే అది చెత్త అనుకోకండి. పెట్టినవాణ్ని వెతకండి. వాడు మానేసి ఉంటే వాడి ఇంటికి ఫోన్ చేయండి. వాడి మాట మీకు వింతగా వినబడితే రెండోసారి వినండి. మీ పై అధికారి పచ్చచుక్క కావాలంటే, ఆ చుక్క వెనక ఏ మనిషి నిలబడి ఉన్నాడో అడగండి. జవాబు లేకపోతే కీబోర్డు మీంచి చెయ్యి తీయండి.

నేను కట్టిన గుడ్డను నేనే విప్పాలి కనుక వెళ్లేముందు మూడు చోట్లకూ పోయాను. మహబూబాబాద్‌ను చివరికి ఉంచుకున్నాను. కొత్త కార్డు బిగించాను. apt-mark unhold కొట్టాను. కర్నెల్ మారింది, రీబూట్ అయింది, డ్రైవర్ ఎక్కింది. నా హెచ్చరికను తుడిచేశాను.

సక్రు అప్పటికి గేటు దగ్గర పనిలో ఉన్నాడు. పిలిపించాను. వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఇగ ముట్టొచ్చా సారు?"

"ముట్టొచ్చు. రా, పరీక్ష మీట నువ్వే నొక్కు."

కంప్యూటర్‌ను ముట్టుకోవడం అదే మొదటిసారి అతనికి. వేలు తువ్వాలకు తుడుచుకొని నొక్కాడు. సైరన్ మోగింది. నేను తెర వైపు చూశాను, అతను చూడలేదు. ఉన్న కన్ను కూడా మూసుకొని, చివరి మోత దాకా విన్నాడు.

"ఇనవడ్డది" అన్నాడు.